నావ చెక్క మెట్టు

నన్ను ఎత్తి జీపులో కూర్చోబెట్టిన మొదటి రోజే మా ఆయనకి చెప్పేశాను, ఇంకోసారి వీధిలో అందరి ముందూ ఇలా ఎత్తావంటే ఊరుకోనని. వరహాలు నవ్వేసి ఊరుకున్నాడు. ఆయనకి అదో సరదా. పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత ముచ్చటగా ఎత్తుకోలేదు గానీ, నేను కాలు విరగ్గొట్టుకున్నాక మాత్రం ఆసుపత్రికి వెళ్ళే రోజున పొద్దున్నే నన్ను చేతుల మీద వేసుకుని బయల్దేరిపోయేవాడు. జాలరిపేటలో మా వీధి ఎలాంటిదంటే, మొదటింట్లో చేప వేగుతుంటే అది ఏ చేపో చివరింటి వాళ్ళు చెప్పేస్తారు. ఇక ఒక మగాడు పెళ్ళాన్ని ఎత్తుకుని నడుస్తుంటే ఊరుకుంటారా?

"ఏటే దేవీ, మీ ఆయన కొత్త పెల్లికొడుకు లాగ ఎత్తుకుంతన్నాడు!" అనేది ఎదురింటి జోగమ్మ పిన్ని, గుమ్మంలో నిలబడి.

"నీకు కుళ్ళుగా ఉంటే మా చిన్నాన్నని కూడా ఎత్తమను పిన్నీ" అనేదాన్ని.

పైకి అలా అన్నా లోపల చచ్చేంత సిగ్గుగా ఉండేది. నిండు గంప నెత్తిన పెట్టుకుని హార్బరు నుంచి ఇంటిదాకా ఎక్కడా దించకుండా నడిచి వచ్చేదాన్ని నేను. నన్ను ఒకళ్ళు మొయ్యడమేమిటి?

మార్చిలో హార్బరు జెట్టీ మీద తడి సిమెంటు మీద జారాను. గంప ఒక పక్కకి, నేను ఒక పక్కకి. మోకాలి చిప్ప పగిలింది. పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి, చిప్పకి తీగ వేసి బిగించారు. ఎముక అతుక్కుంది గానీ మోకాలు మాత్రం రోకలిలా బిగుసుకుపోయింది. వ్యాయామాలు చేయించే డాక్టరమ్మ మొదటి రోజే మొహమాటం లేకుండా చెప్పేసింది. వారానికి మూడుసార్లు రావాలట. వానలు పడేలోగా మోకాలు వంగకపోతే ఇక జన్మంతా అలాగే ఉండిపోతుందట.

నడక వస్తే చాలదా అని మీరనుకోవచ్చు. చేపలమ్మేదానికి చాలదు. మేము గొంతుక్కూర్చుని, కత్తిపీటని పాదంతో తొక్కిపట్టి చేప కోస్తాం. మోకాలు వంగకపోతే కత్తిపీట ముందు కూర్చోలేను. కూర్చోలేకపోతే బజార్లో నా చోటు ఇంకొకళ్ళదైపోతుంది. అమ్మ కూర్చున్న చోటు అది. నాకు అది తప్ప ఇంకో పని రాదు, రావాలని కోరికా లేదు.

ఆ చోటు పోకుండా కాపాడింది మా అత్త సూర్యకాంతమ్మ. మామ పోయాక ఆవిడ అమ్మకం మానేసి ఇంటి పట్టున వలలు బాగుచేసుకుంటూ ఉండేది. నేను ఆసుపత్రి మంచం మీద ఉండగానే నా కత్తిపీట పట్టుకెళ్ళి నా చోటులో కూర్చుందట. "మా కోడలు ఒచ్చీదాకా నాను కూకుంతాను. ఎవులైనా ఇటేపు జరిగితే ఈ కత్తిపీట సేపల్నే కోస్తాదని అనుకోకండి" అందట. ఆ మాట మా అన్న వచ్చి చెప్తే మంచం మీద పడుకునే ఏడ్చాను. ఎందుకంటే, ఆవిడ నాతో మంచిగా ఒక్క మాట మాట్లాడి ఎరగదు. "తిన్నావా? మందేసుకున్నావా?" అనడం, అదీ గోడ వైపు తిరిగి. ఆవిడ ప్రేమంతా అంతే.

జీపు మా అన్న సత్యానిది. పైకప్పు లేదు, తలుపులు లేవు, టైర్లు మాత్రం ఏనుగు కాళ్ళలా ఉంటాయి. ఎంత ఇసకలోకి దిగినా పైకొచ్చేస్తుంది. యారాడ దాకా తిరుగుతూ తెప్పలు ఒడ్డుకి లాగడం, వలలూ ఐసు పెట్టెలూ మొయ్యడం దాని పని. ఏప్రిల్ మధ్యలో వేట ఆపేశారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా రెండు నెలలు ఇంజను ఉన్న బోటు ఏదీ కదలకూడదు. తెడ్డేసుకుని వెళ్ళే చిన్న తెప్పల మీద వచ్చిన చేపలే ఆ రెండు నెలలూ మాకు బేరం. బోటు మీద పనిచేసే మా ఆయనకి పని లేదు, మా అన్నకీ లేదు.

"బండి కాళీ, నువ్వు కాళీ. సెల్లిని ఆస్పత్రికి తిప్పు బావా" అని మా అన్న తాళాలు ఇచ్చేశాడు.

ఆటోలో వెళ్ళడానికి లేదు. వంగని కాలు చాపితే సగం రోడ్డు మీదకి వస్తుంది. జీపు ముందు సీటు వెనక్కి జరిపితే కాలు తిన్నగా పెట్టుకోవచ్చు. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆ బండి ఎత్తు నా తొడల దాకా ఉంది. నేనా పొట్టిదాన్ని. అందుకే ఆ ఎత్తుకోవడాలు.

"మెట్టెట్టు మావా. మెట్టెట్టీదాకా నాను ఎక్కను" అన్నాను ఒకరోజు మా ఆయనతో, వాకర్ పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయి.

"జీపుకి మెట్టేటే?"

"రుషికొండ ఏపు తిరిగే పెద్ద బళ్ళు సూడనేదా? పక్కన పొడుగ్గా ఉంతాది, దాని మీద కాలేసి ఎక్కుతారు."

"సైడ్ స్టెప్పంటారు దాన్ని" అన్నాడు మా అన్న. "వన్‌టౌన్‌లో గౌస్ భాయ్ కొట్లో ఉంతాయి. ఈ బండివి దొరకవు గానీ, వేరే బండివి తెచ్చి మనమే బిగించీదాం. షెడ్డుకెందుకు, ఇంటికాడే అయిపోద్ది."

అయిపోతుందన్న పని రెండు రోజులు పట్టింది. గౌస్ భాయ్ ఇచ్చినవి గుండ్రటి గొట్టం మెట్లు, ఏదో కొత్త రకం బండికి బిగించి తీసేసినవి. వాటి కన్నాలకీ మా జీపు కన్నాలకీ పొంతన లేదు. మా ఇంటి ముందు ఇసకలో జీపు పెట్టి, కిటికీలోంచి వైరు లాగి, అడిగి తెచ్చిన డ్రిల్లు మిషను తగిలించి, బావా బావా ఇద్దరూ జీపు కిందకి దూరారు. బయటికి నాలుగు కాళ్ళు మాత్రం కనిపించేవి.

"కన్నం ఇక్కడ కాదు బావా, ఇంకో రెండు వేళ్ళు ఇటు."

"నాకంట్లో ఇసక పడింది, నాకేటీ అగపడతన్నేదు."

"అగపడకుండా కన్నం ఎలగెడతన్నావు?"

అత్త అప్పుడే బజారు నుంచి వచ్చింది. ఖాళీ గంప దించి, ఆ నాలుగు కాళ్ళ వైపు చూసి, "ఏలెడు నెత్తల్ల సేపని కొయ్యడానికి ఇద్దరు కత్తులట్టుకున్నట్టుంది" అని లోపలికి పోయింది. కాసేపటికి రెండు గ్లాసుల టీ తెచ్చి ఇసకలో పెట్టి వెళ్ళిపోయింది.

కొలత మాత్రం చాలా శ్రద్ధగా తీసుకున్నారు. నన్ను జీపు పక్కన నిలబెట్టి, మా ఆయన సుద్దముక్కతో నా కాలి మీద గీత గీశాడు. "ఇక్కడికా? ఇంకొంచెం కిందకా?" అని ఎన్నిసార్లు అడిగాడో. ఇనుప పట్టీలు వేసి, బోల్టులు బిగించి, ఇద్దరూ మెట్టు మీదకెక్కి గెంతి చూశారు. కదల్లేదు. అప్పుడు నేను వాకర్ వదిలేసి అద్దం రాడ్డు పట్టుకుని, మంచి కాలు మెట్టు మీద వేసి పైకి లేచాను. రెండో కాలు వెనకే వచ్చేసింది. సీట్లో కూర్చున్నాను. ఎవరూ నన్ను ముట్టుకోలేదు! జోగమ్మ పిన్ని చప్పట్లు కొట్టింది. నాకెంత గర్వం వేసిందంటే, ఎక్కడికీ వెళ్ళే పని లేకపోయినా దిగనని మొండికేసి పొద్దుపోయేదాకా అందులోనే కూర్చున్నాను. అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాను.

మర్నాడు ఆసుపత్రికి బయల్దేరాం. మా అన్నే బండి నడిపాడు. దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆపి టైర్లకి గాలి కొట్టించాడు. ఆసుపత్రి ముందు ఆపాక మా ఆయన కింద నిలబడి చేతులు చాచాడు.

"నువ్వు జరుగు, నానే దిగుతాను" అన్నాను.

ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు చెడ్డ కాలు ముందు. డాక్టరమ్మ నేర్పిన పాఠం అది. మంచి కాలు గొట్టం మీద పెట్టి, చెడ్డ కాలు కిందకి దించాను. నేల తగల్లేదు. ఇంకొంచెం దించాను. ఇంకా తగల్లేదు. గుండ్రటి గొట్టం మీద మంచి కాలు జారింది. దబ్బుమని మా ఆయన మీద పడ్డాను, ఆయన వెనకనున్న గోడ మీద పడ్డాడు. ఎముకలేవీ విరగలేదు గానీ మోకాలు బొప్పాయిలా వాచింది. డాక్టరమ్మ ఐసు పెట్టి, ఆ రోజు వ్యాయామం లేకుండానే పంపేసింది.

మా అన్న ఆసుపత్రి ముందు చతికిలబడి మెట్టుకీ రోడ్డుకీ మధ్య జానలతో కొలుస్తూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి నెత్తి కొట్టుకున్నాడు.

"బావా! మనం ఇసకలో కొలిసాం. చక్రాలు ఇసకలో దిగిపోయున్నాయి, ఇసకలో తిరగడానికని టైర్లలో గాలి సగం తీసేసి ఉంది. ఇక్కడ గట్టి రోడ్డు, టైర్లు నిండా గాలి. మెట్టు పైకెళ్ళిపోదేటి?"

"పుట్టినకాడ్నించీ ఇసకలోనే తిరిగితే రోడ్డు సంగతి ఏం తెలుస్తాది" అన్నాడు మా ఆయన, మోచెయ్యి రుద్దుకుంటూ. నాకు కాలు సలుపుతున్నా నవ్వాగలేదు.

ఇంటికొచ్చాక నవ్వు పోయింది. భయం పట్టుకుంది. కళ్ళు మూసుకుంటే ఆ తగలని నేలే గుర్తొచ్చేది. ఆసుపత్రికి రానన్నాను. ఒకసారి మానేశాను, రెండోసారీ మానేశాను. మా అన్న వెళ్ళి డాక్టరమ్మకి చెప్తే ఆవిడ కోప్పడిందట. వచ్చే సోమవారం కూడా రాకపోతే తన చేతుల్లో ఏమీ ఉండదని, మత్తిచ్చి బలవంతాన వంచాల్సి వస్తుందని, అప్పుడైనా వంగుతుందన్న హామీ లేదని చెప్పి పంపింది.

శుక్రవారం మధ్యాహ్నం నేను నిద్రపోతుంటే బయట రంపం చప్పుడు. తర్వాత డ్రిల్లు చప్పుడు. లేచేసరికి మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, వొళ్ళంతా చెక్కపొట్టు, మొహమంతా నవ్వు.

"రా, సూడు. ఈసారి వీధి సివర సిమెంటు రోడ్డు మీదెట్టి కొలిసాం. టైర్లకి గాలి నిండా కొట్టి మరీ కొలిసాం."

వాకర్ తోసుకుంటూ బయటికొచ్చాను. గొట్టం కింద ఇనుప పట్టీలు వేలాడదీసి, వాటికి పీటంత వెడల్పున్న చెక్క బిగించారు. రెండు కాళ్ళూ పక్కపక్కనే పెట్టి నిలబడొచ్చు. చెక్క మీద నీలం రంగు, మధ్యలో తెల్ల గీత. ఆ రంగు మా ఒడ్డున ఒక్క నావకే ఉంది.

"మావా, ఇది..."

"నాన్న నావదే" అన్నాడు సంతోషంగా. "గొట్టం లాగ జారదే! ఎంత తడిసినా కాలు అంటుకుని ఉంతాది. ఇంత మంచి సెక్క ఏ కొట్లో దొరుకుతాది?"

మామ పోయి రెండేళ్ళయింది. మా ఆయన పెద్ద బోటు మీదకి పోతాడు కాబట్టి ఆ చిన్న నావ ఇసకలో బోర్లించి ఉంది. దాన్ని కోశాడని కాదు నా బాధ. మా వీధిలో ఆడవాళ్ళు నావని కడుగుతారు, పసుపు రాస్తారు, కొబ్బరికాయ కొడతారు. వేట నుంచి వస్తే పక్కన నడుంలోతు నీళ్ళలో నిలబడి గంప నింపుకుంటారు. కానీ కాలు పెట్టరు. నావంటే గంగమ్మ తల్లి. ఆడది నావ మీద కాలు పెడితే ఆ ఇంటి మగాడు వేటకెళ్ళి తిరిగి రాడని మాకు మాటలొచ్చిన దగ్గర్నుంచీ తెలుసు. మగాళ్ళు రోజూ ఎక్కి దిగుతారు కదా, మా ఆయనకి ఆ సంగతి తట్టనే లేదు.

జోగమ్మ పిన్నికి మాత్రం ఎదురింటి నుంచే తట్టింది.

"ఓలమ్మో! అది నావ సెక్క కాదేటి? వరాలూ, నీకు మతిపోనాదేట్రా? ఆడకూతురి కాలు కిందెడతావా ఆ తల్లిని?"

మా ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది. అప్పటికి తెలిసింది ఆయనకి. "ఇప్పుడది నావ కాదు పిన్నీ, మెట్టయిపోనాది" అన్నాడు గానీ, ఆ మాటలో బలం లేదు.

"కాలెయ్యి సెల్లీ, ఏటవదు" అన్నాడు మా అన్న.

నేను రాడ్డు పట్టుకున్నాను. కాలు లేవలేదు. మంచి కాలే, లేవలేదు. "నాను ఎయ్యను. నాకు మోకాలు వంగకపోయినా పర్నేదు, నా మావ సంద్రం మీదకెళ్ళేవాడు" అన్నాను, అని ఏడ్చేశాను.

"ఊడదీసీదాం బావా" అని మా అన్న స్పానర్ తీశాడు.

సరిగ్గా అప్పుడే అత్త వచ్చింది. మొగుడి నావ తనని అడక్కుండా కోశారు. ఏం తిట్లు పడతాయోనని అందరూ బిగదీసుకుని నిలబడ్డారు. ఆవిడ గంప దించి, వంగి, చెక్క మీద అరచెయ్యి పెట్టింది. తెల్ల గీత మీద వేలితో రాసింది.

"ఎక్కడ కోసావు?"

"ఎనకేపమ్మా. ముందేపు ముక్కు ముట్టుకోనేదు."

ఆవిడ తల ఊపి లోపలికెళ్ళిపోయింది. మా అన్న బోల్టుకి స్పానర్ పెట్టాడు. లోపలి నుంచి గొంతు వినిపించింది.

"ఉండనీ."

అంతే. ఆదివారం బేరం అయ్యాక ఇంటికి రాకుండా తిన్నగా నావ దగ్గరికెళ్ళి, దాని నీడలో చాలాసేపు కూర్చుంది. గుమ్మంలోంచి నాకు కనిపిస్తూనే ఉంది. పిలవడానికి ధైర్యం చాల్లేదు.

సోమవారం పొద్దున్న జీపు బయట సిద్ధంగా ఉంది. మా ఆయన నా మొహం చూడలేక నేల చూస్తున్నాడు. నాకు ఆయన మీద జాలేసింది. నా కోసమే కదా ఇదంతా.

"ఎత్తుకో మావా" అన్నాను. "పర్నేదు. ఎవరు నవ్వితే మనకేటి?"

ఆయన వంగాడు.

"ఉండ్రా" అంది అత్త.

తలారా స్నానం చేసి, చెంబు పట్టుకుని వచ్చింది. పసుపునీళ్ళు. వాటిని చెక్క పొడుగునా పోసి, చేత్తో నిమిరింది. పసిపిల్లకి నీళ్ళు పోసినట్టు నెమ్మదిగా పోసింది. తర్వాత ఎదురింటావిడతో మాట్లాడినట్టు మామూలు గొంతుతో మాట్లాడింది.

"తల్లీ, నా పెనిమిటిని ఇన్నేళ్ళు మోసావు. ఒక్కనాడు కూడా ఆడ్ని ఒదిలీసి రానేదు. నీకు దండం. ఇప్పుడు ఈ కోడలు గుంటని మొయ్యి. తప్పంటే ముందు కాలెట్టింది నాను. అడగాలంటే నన్నడుగు. నా కొడుకుని అడక్కు."

చీర కొంచెం పైకెత్తి, చెక్క మీద కాలు పెట్టింది. రెండో కాలూ పెట్టింది. జీపులోకెక్కి, సీట్ల మధ్యలోంచి వెనక్కెళ్ళి కూర్చుంది.

"రావే. డాక్టరమ్మ మనకోసం కాసుకుని కూకుంతాదేటి?"

నేను వెళ్ళాను. చెక్క చల్లగా, తడిగా ఉంది. కాలు జారలేదు. జోగమ్మ పిన్ని తన గుమ్మంలో రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది.

ఆ తర్వాత వారాలు ఎలా గడిచాయో అడక్కండి. డాక్టరమ్మ మోకాలు పట్టి వంచుతుంటే ఆసుపత్రి కప్పు లేచిపోయేలా అరిచేదాన్ని. అత్త బేరం తొందరగా ముగించుకుని ప్రతిసారీ నాతో వచ్చేది. నా తల తన వొళ్ళో పెట్టుకుని, "అరుసుకో. ఎంత అరుస్తావో అరుసుకో. ఇక్కడ జోగమ్మ నేదు" అనేది. ఎక్కేటప్పుడు ప్రతిసారీ మొదటి కాలు ఆవిడదే. నేను తొందరపడి ముందుకెళ్ళినా చేత్తో ఆపేసేది. మొదట్లో అదేదో పెద్దరికం అనుకున్నాను. తర్వాత అర్థమైంది. గంగమ్మ తల్లి లెక్క అడిగితే రోజూ ఆవిడ పేరే ముందుండాలని. కన్నతల్లి కూడా చెయ్యదేమో అంత పని. ఆవిడకి దండం పెట్టాలనిపించేది. పెడితే తిడుతుందని ఊరుకునేదాన్ని.

జూన్ మధ్యలో వేట మళ్ళీ మొదలైంది. బోట్లకి కొత్త రంగులు, జెండాలు, హార్బరంతా తిరనాళ్ళలా ఉంది. మా ఆయన సంచీ సర్దుకుని బయల్దేరాడు. అత్త ఎప్పటిలాగే "మంచినీళ్ళెక్కువట్టుకెళ్ళు" అంది. నేను ఎప్పటిలాగే "బేగి ఒచ్చీ మావా" అన్నాను. మా ఇద్దరిలో ఎవరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు.

వారంలో వచ్చేయాల్సిన బోటు రాలేదు. గాలి ఎక్కువగా ఉంది. వీధిలో ఎవరూ నోరెత్తి అనలేదు గానీ, నేను కనిపిస్తే మాటలు ఆపేసేవాళ్ళు. అత్త బజార్లో బేరమాడిన వాళ్ళందరి మీదా విరుచుకుపడేదట. ఇంట్లో మాత్రం నా మోకాలికి నూనె రాసేది, రోజూ రాసే దానికంటే ఎక్కువసేపు. ఆసుపత్రికి మా అన్న తిప్పేవాడు. ఒకరోజు నేను మెట్టు ముందు ఆగిపోయాను. ఆవిడ వెనక్కి తిరిగి చూసి, "ఏటి? మొదలెట్టిన పని సగంలో ఒగ్గీత్తామా?" అని చెయ్యిచ్చింది. నా వేళ్ళు నొప్పెట్టేంత గట్టిగా పట్టుకుంది.

తర్వాత రెండు రోజులకి మా ఆయన ఎండకి కమిలిపోయిన మొహంతో, చేతిలో ఇంత పొడుగు వంజరంతో వీధిలోకి నడిచొచ్చాడు. వల మెలిపడి ఇంజను పంకాకి చుట్టుకుందట, విప్పుకుని వచ్చేసరికి ఆలస్యమైందట. అంతే సంగతి. నేను వాకర్ లేకుండా గుమ్మం దాటి ఆయన దాకా ఎలా వెళ్ళానో నాకే తెలీదు. అత్త మాత్రం "ఒచ్చావా" అంది. చేప అందుకుని పెరట్లోకెళ్ళింది. నేను వెళ్ళి చూసేసరికి చేపని గట్టు మీద పెట్టి, గోలెంలో నీళ్ళు ముంచి మొహం కడుక్కుంటోంది. కడుక్కుంటూనే ఉంది. నేను పక్కన నిలబడి చీర కొంగు అందించాను.

ఆ వారమే ఆసుపత్రికి ఆఖరిసారి వెళ్ళాం. డాక్టరమ్మ ముందు గోడ పట్టుకుని మెల్లగా కిందకి దిగాను. నొప్పి ఉంది, ఉండనీ. మడమల మీద గొంతుక్కూర్చుని, ముందు కత్తిపీట ఉన్నట్టు కుడి పాదం చాపి తొక్కాను. డాక్టరమ్మ నవ్వి, "ఇంక నా దగ్గరికి చేపలు పట్టుకునే రావాలి" అంది. అత్త గోడ వైపు తిరిగి, "రేపట్నించి నీ సోటు నువ్వే సూసుకో. నాకు నడుం నొప్పి" అంది.

తిరిగి వస్తుంటే సన్నగా చినుకులు మొదలయ్యాయి. ముందు సీట్లో నేను, వెనక అత్త, బండి నడుపుతూ మా ఆయన. బీచ్ రోడ్డు వదిలి మా ఒడ్డు వైపు తిరిగాక ఆవిడ "ఆపరా" అంది. ఆపాడు. ఆవిడ నా సీటు పక్కగా కిందకి దిగింది. దిగి నేల మీదకి వెళ్ళలేదు. చెక్క మీదే నిలబడి, రాడ్డు పట్టుకుంది.

"ఇప్పుడు పోనీ."

"అమ్మా, పడిపోతావు. లోపల కూకో."

"పడను. పోనీమంతన్నాను కదా."

నేను సీట్లోంచి వంగి ఆవిడ నడుం చుట్టూ చెయ్యి వేశాను. జీపు మెల్లగా ఇసకలోకి దిగింది. గుంటలో పడినప్పుడల్లా పక్కకి ఒరిగి మళ్ళీ లేస్తోంది. చెక్క ఆవిడ కాళ్ళ కింద కిందకీ పైకీ కదులుతోంది. ఆవిడ ముడి ఊడిపోయి తెల్ల జుట్టు గాలికి ఎగురుతోంది. సర్దుకోలేదు.

"సంద్రం మీద ఇలగే ఊగుతాదేట్రా?" అంది.

"ఇంకా ఎక్కువ ఊగుతాదమ్మా."

"అయితే ఇంకొంచెం ఊపు."

మా ఆయన నావైపు చూశాడు. నేను తలూపాను. ఆయన బండిని అలలు వచ్చి తాకే చోటుకి దించి, అటూ ఇటూ తిప్పుతూ నడిపాడు. ఆవిడ ఒక చెయ్యి రాడ్డు మీద, ఒక చెయ్యి నా భుజం మీద వేసుకుని, సముద్రం వైపు మొహం పెట్టి నిలబడింది. నీళ్ళు ఎగిరి ఆవిడ పాదాల మీద, నీలం చెక్క మీద పడుతున్నాయి. అలా నవ్వడం నేను ఈ ఇంటికొచ్చాక ఎప్పుడూ చూడలేదు.

"ఇంత బాగుంతాదని నాతో ఒక్కనాడూ సెప్పనేదు" అంది, "దొంగ సచ్చినోడు!"